కలశం కదపని ఊరు

పలక దిండు కింద పెట్టుకున్నావా? పెట్టుకో. ఇందాకటి నుంచీ మూతి ముడుచుకునే ఉన్నావు. అన్నం కూడా సగమే తిన్నావు. అక్కా అన్నయ్యల పుస్తకాలన్నీ సరస్వతమ్మ దగ్గర పెట్టి, నీ పలక ఒక్కటీ తిరిగి నీ చేతికే ఇచ్చేశానని కదూ నీ కోపం?

నువ్వంటే ఇష్టం లేక కాదు నా తల్లీ. ఇటు తిరుగు. ఎందుకో చెబుతాను. మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి మరి, లేకపోతే నిద్రపోయావనుకుంటాను.

అనగనగనగా, ఉప్పుటేటికి అవతలి గట్టున ఒక ఊళ్ళో, అంతా ఉప్పు పండించుకునే వాళ్ళే ఉండేవారు. ఆ ఊరి పేరు గవ్వలపేట. మూడు పక్కలా నీళ్ళు, నాలుగో పక్క ఉప్పుమళ్ళు. ఎటు చూసినా నీళ్ళే, గుక్కెడు తాగడానికి మాత్రం పనికిరావు. తాగే నీళ్ళు కుండలతో పడవ మీద రావాలి. గుప్పెడు గింజలు రావాలన్నా పడవే.

వాళ్ళు సముద్రపు నీళ్ళు మళ్ళల్లోకి వదిలేవారు. అప్పుడు ఎండ ఆ నీళ్ళని తాగేసేది. ఆ తర్వాత అడుగున తెల్లగా పేరుకున్న ఉప్పుని పొడుగు కర్రకి కొట్టిన చెక్కతో లాగి కుప్ప పోసేవారు. పెద్దవాళ్ళ కాళ్ళు పగిలిపోయి ఉండేవి. పిల్లల కాళ్ళు కూడా పగిలిపోయే ఉండేవి.

ఆ ఊళ్ళో ఒక్కరికంటే ఒక్కరికీ అక్షరం రాదు, నీళ్ళు తెచ్చే పడవవాడికి కూడా. ఉప్పు బస్తా మీద బొగ్గుతో గీత గీస్తే, వాళ్ళకి అదే రాత.

ఆ ఊళ్ళో తవిటమ్మ అని ఒక పిల్ల. ఆ పిల్లకి ముందు పుట్టిన వాళ్ళెవరూ దక్కలేదు. అందుకని పుట్టగానే పక్కింటావిడకి ఇచ్చేసి, దోసెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు. అలా ఆ పేరు. నవ్వకు, ఆ రోజుల్లో అలాగే చేసేవారు, యముడు చూడకుండా.

తవిటమ్మకి మాట తక్కువ. కానీ పడవ వచ్చినప్పుడల్లా గట్టుకి పరిగెత్తేది. పడవ పక్కన ఎర్రరంగుతో ఏవో రాసి ఉండేవి. అవి చూస్తూ నిలబడేది.

"అయ్యేటమ్మా?" అనేది.

"పడవ పేరే" అనేది వాళ్ళమ్మ.

"పేరు నోట్లో కదా ఉంతాది. చెక్క మీదకి ఎలాగొచ్చింది?"

"పద పద, నీళ్ళకుండ పట్టు" అనేది. పాపం ఆవిడకి మాత్రం ఏం తెలుసు?

అప్పుడు ఒక దసరాకి ఆ పడవలో ఒక ముసలాయన వచ్చాడు. భుజం మీద గొడుగు, పక్కన ఒక పెద్ద పుస్తకాల మూట. ఆయన పేరు లింగమూర్తి అయ్యవారు. దిగీ దిగగానే అడిగాడట, "ఈ ఊళ్ళో చదువు వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని. లేరన్నారు. "అయితే నేను రావలసిన ఊరే" అని మూట దింపాడు.

ఊరిపెద్ద పేరు కూర్మయ్య. మంచివాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయ్యవారి కాళ్ళు ఉప్పునీళ్ళతో కడగడానికి మనసొప్పక, తాగడానికి దాచుకున్న మంచినీళ్ళతో కడిగాడు. ఉప్పు నిలవ చేసే కొట్టు ఒకటి ఖాళీ చేయించి, బడి చేశాడు. ఆడవాళ్ళు అలికారు. మగవాళ్ళు తాటాకు కప్పారు. పిల్లలు గవ్వలు ఏరి గుమ్మం ముందు పోశారు.

సరస్వతీ పూజ రోజు వచ్చింది. అయ్యవారు మట్టితో చిన్న అమ్మవారిని చేశాడు. ముందు కలశం పెట్టాడు. ఊళ్ళో పిల్లలందరికీ ఒక్కో రాతిపలక ఇచ్చాడు. అక్షరాభ్యాసం మనమైతే బియ్యంలో చేస్తాం కదా? ఆ ఊళ్ళో పళ్ళెం నిండా పోయడానికి బియ్యం ఎక్కడివి? ఉప్పు పోశారు. పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని, ఆ ఉప్పులో ఒక అక్షరం రాయించాడు. ఆ తర్వాత అదే అక్షరం పలక మీద బలపంతో పెద్దగా రాసి, దిద్దమన్నాడు.

అందరికీ ఒకటే అక్షరం.

తవిటమ్మ దిద్దింది. దిద్దుతూనే ఉంది. మిగతా పిల్లలు లేచి ఆడుకోడానికి పోయినా దిద్దుతూనే ఉంది. గీత లావై, తెల్లగా, ఉప్పు గట్టులా లేచింది.

అప్పుడు తలెత్తి అడిగింది. "దీని పేరేటి అయ్యోరూ?"

అయ్యవారు నవ్వాడు. ఆయన పద్ధతి ఒకటుంది. ముందు చెయ్యి, తర్వాత నోరు.

"పేరు ఇప్పుడే చెప్పేస్తే నోరు ముందుకి పరిగెడుతుంది, చెయ్యి వెనక ఉండిపోతుంది. చెయ్యి తిరగనీ. విజయదశమి పొద్దున్న చెబుతాను. అందరికీ ఒక్కసారే చెబుతాను. మీ ఊరంతా ఒక్కసారే ఆ పేరు గట్టిగా అనాలి. ఏటి అవతలి గట్టుకి వినపడాలి."

పిల్లలు ఆ మాటకి గంతులేశారు.

ఆ తర్వాత అయ్యవారు పలకలన్నీ తీసుకున్నాడు. పుస్తకాల మూట విప్పాడు. అన్నీ అమ్మవారి పాదాల దగ్గర పేర్చాడు. తవిటమ్మ పలక మూల కొంచెం విరిగి ఉంది. దాన్ని చివర పెట్టాడు.

"ఇవాళ్టి నుంచి ఇవి అమ్మవారివి. పండగ పొద్దున నేను కలశం కదుపుతాను. అప్పుడు మీవి మీకిస్తాను. అందాకా ఎవరూ ముట్టుకోకండి. చదవద్దు, రాయద్దు, అక్షరం అడగద్దు" అన్నాడు.

అందరూ చేతులు జోడించారు.

ఊఁ కొట్టు మరి.

మర్నాడు అయ్యవారు పడవెక్కాడు. ఎందుకో తెలుసా? పండగనాడు పిల్లలకి పప్పుబెల్లాలు పెట్టాలి కదా. ఆ ఊళ్ళో బెల్లం దొరకదు. "ఉప్పు తిని తిని ఉన్న నోళ్ళు, పండగపూట తీపి తినాలి" అని ఏరు దాటి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు గాలి లేచింది. పడవ మధ్యలో తిరగబడింది. పడవవాడు ఈదుకుంటూ గట్టెక్కాడు. అయ్యవారికి ఈత రాదు.

ఏరు ఆయన గొడుగుని ఇచ్చింది. ఆయన్ని ఇవ్వలేదు.

ఆ బెల్లమంతా ఉప్పుటేట్లో కరిగిపోయింది తల్లీ. అంత బెల్లం కరిగినా ఏరు తీపెక్కలేదు.

విజయదశమి పొద్దున పిల్లలు తలంటుకుని వచ్చి బడి గుమ్మం ముందు నిలబడ్డారు. పెద్దవాళ్ళు ఏడుస్తున్నారు. లోపల కలశం అలాగే ఉంది. పుస్తకాలు అలాగే ఉన్నాయి. తవిటమ్మ పలక గుమ్మంలోంచి కనపడుతూనే ఉంది.

"పెద్దయ్యా, నా పలక" అంది తవిటమ్మ.

"ఎలా తీత్తామే గుంటా? అయ్యోరు కదపాల్సిన కలశం అది" అన్నాడు కూర్మయ్య. "ముట్టుకోకండి అని ఆయన నోటితో అన్నాడు. అదే ఆయన ఆకరి మాట. ఆయన మన పిల్లల కోసమే పోయాడు. ఆయన మాట మనం దాటితే మడుసులమేనా?"

"మరెవరు తీత్తారు?"

"ఉంకో అయ్యోరు వత్తారు. ఆయన కదుపుతారు. అందాకా అమ్మవారు చూసుకుంతాది."

ఊరంతా అవునంది. కోపంతో కాదు, భక్తితోనే అంది. తలుపు మూసి, పిల్లలకి అందకుండా పైన గొళ్ళెం పెట్టి, అయ్యవారి గొడుగు గుమ్మానికి వేలాడదీశారు.

తవిటమ్మ మూడుసార్లు ప్రయత్నం చేసింది తల్లీ.

మొదటిసారి ఒక మధ్యాహ్నం. ఊరంతా మళ్ళల్లో ఉంది. బడికి వెనక ఒక కిటికీ. దాని కింద తట్ట బోర్లించి, ఎక్కి, చెయ్యి లోపలికి పెట్టింది. చెయ్యి చాలలేదు. భుజం దాకా దూర్చింది. వేలి కొస పలక విరిగిన మూలకి తగిలింది. చల్లగా తగిలింది.

అప్పుడే వాళ్ళమ్మ వచ్చింది. కాళ్ళు పట్టుకుని కిందకి లాగేసింది.

"ఓలమ్మో, ఎంత పని సేసినావే! నిన్ను తవుడు పోసి కొన్నది ఇందుకేటే?" అని ముందు కొట్టింది, తర్వాత ఏడ్చింది.

ఆ సాయంత్రమే ఊళ్ళో ఒక చంటిపిల్లకి జ్వరం వచ్చింది. జ్వరం ఎందుకు రాదు, దోమలు అలా ఉంటే? కానీ అందరూ తవిటమ్మ వైపు చూశారు. తవిటమ్మ చేత లెంపలు వేయించారు. కిటికీకి చెక్కలు కొట్టేశారు. పసుపునీళ్ళు చల్లడానికి ఒక్క సందు మాత్రం వదిలారు.

రెండోసారి మరుసటి ఏడు. కూర్మయ్య కబురు మీద కబురు పంపితే, ఏటి అవతల నుంచి ఒక కుర్ర అయ్యవారు పడవలో వచ్చాడు. ఊరు ఊరంతా గట్టు మీదకి వచ్చింది. ఆయన పడవలోంచి దిగలేదు. బురద చూశాడు. దోమలు చూశాడు. "తాగే నీళ్ళు ఎక్కడివి?" అని అడిగాడు. ఈ పడవలోనే వస్తాయన్నారు. ఆయన పడవవాడి వైపు తిరిగి, "తిప్పు" అన్నాడు.

కూర్మయ్య మొలలోతు నీళ్ళల్లోకి దిగి పడవ అంచు పట్టుకున్నాడు. "బాబ్బాబు, బడి సెప్పకపోయినా పోనీ. కలశం ఒక్కటీ కదిపెల్లిపోండి."

"ఎవరో పెట్టిన కలశం నేనెందుకు కదపాలి? ఆయన పోయి ఏడాదైంది. అదేం దోషమో ఏమో, నాకొద్దు" అన్నాడు ఆయన.

అప్పుడు తవిటమ్మ జనంలోంచి దూరి గట్టు అంచుకి వచ్చింది. తడి బురదలో వేలితో ఆ అక్షరం రాసింది. "అయ్యోరూ! దీని పేరేటి?" అని అరిచింది. ఆ పిల్ల అంత గట్టిగా అరవడం ఊళ్ళో ఎవరూ అంతకుముందు వినలేదు.

ఆయన తల ఇటు తిప్పాడు. కానీ పడవ తిరిగేటప్పుడు లేచిన అల వచ్చి బురదంతా సాపు చేసేసింది.

"మళ్ళీ రాయి పాపా!" అన్నాడు. పాపం, ఆయనా చెడ్డవాడు కాదు.

తవిటమ్మ వంగి మళ్ళీ రాసింది. తలెత్తేసరికి పడవ దూరం వెళ్ళిపోయింది. ఆయన నిలబడి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూశాడు. నోరు తెరిచి ఏదో అన్నాడు. నోరు తెరవడం కనపడింది. మాట మాత్రం గాలి అటే పట్టుకుపోయింది.

ఆ తెరిచిన నోరు తవిటమ్మ ఎన్నాళ్ళు తలుచుకుందో. తనూ అలాగే నోరు తెరిచి చూసుకునేది. శబ్దం రాదు కదా.

ఏంటి? ఆ పిల్ల పరిగెత్తి పట్నం వెళ్ళి అడగొచ్చు కదా అంటావా? వెళ్ళింది తల్లీ. అదే మూడోసారి.

వానల్లో వాననీళ్ళే పట్టుకుని తాగుతారు, పడవ నడవదు; ఎండల్లో ఉప్పు వదలదు. మధ్యలో దొరికేది దసరా ఒక్కటే. కాస్త ఎదిగి చీర కట్టే వయసు వచ్చాక, ఒక దసరాకి తండ్రి కాళ్ళు పట్టుకుని బతిమాలి, పడవెక్కి పట్నం పోయింది. దారి అడుక్కుంటూ బడి దగ్గరికి వెళ్ళింది. ఎంత పెద్ద బడి! ఎన్ని గదులు! తలుపులకి మామిడాకులు. తలుపులకి తాళాలు.

కిటికీలోంచి చూసింది. లోపల సరస్వతమ్మ. ముందు కలశం. పాదాల దగ్గర పలకలు, పుస్తకాలు, కుప్పగా.

వాళ్ళ ఊళ్ళో ఎలా ఉన్నాయో ఇక్కడా అలాగే ఉన్నాయి.

ఎదురింటి అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చదువుకున్నాయనలా కళ్ళజోడు ఉంది. తవిటమ్మ భయపడుతూ వెళ్ళి, నేల మీద దుమ్ములో వేలు పెట్టబోయింది.

"ఏయ్, ఏయ్! ఏం రాస్తున్నావ్? ఈ మూడు రోజులూ అక్షరం రాయకూడదు, చదవకూడదు. తెలీదూ?" అన్నాడు.

"ఒక్కటే బాబూ. పేరు సెప్తే పోతాను."

"అడగనూకూడదు. నేను చెప్తే నాకు దోషం, వింటే నీకు. పండగ అయ్యాక రా, ఒకటేం కర్మ, అన్నీ చెబుతాను."

పండగ అయ్యాక ఎలా వస్తుంది? మర్నాటి పొద్దున్న పోయే పడవ తప్పితే మళ్ళీ ఎప్పుడో. తండ్రి గట్టున ఎదురుచూస్తుంటాడు. దుమ్ములో పెట్టబోయిన వేలు చీరకి తుడుచుకుని వచ్చేసింది.

ఇంక అడగలేదు.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. తవిటమ్మ ఆ ఊళ్ళోనే పెళ్ళి చేసుకుంది. ఆ మళ్ళల్లోనే ఉప్పు లాగింది. రోజూ పొద్దున్న పనిలోకి దిగే ముందు, ఒడ్డున ఉప్పు మీద ఆ అక్షరం రాసేది. ఎవరికీ చెప్పేది కాదు. కాసేపటికి గాలికి పోయేది, లేకపోతే తనే చెక్కతో లాగేసేది. మర్నాడు మళ్ళీ రాసేది. తనతోపాటు అయ్యవారి ఒళ్ళో కూర్చుని దిద్దిన పిల్లలంతా పెద్దవాళ్ళయ్యారు. ఒకడేమో అది గుండ్రంగా ఉండేదన్నాడు. ఇంకొకావిడ దానికి తోక ఉండేదంది. ఇంకొకాయన, "ఏ అచ్చరం? ఏటది?" అన్నాడు.

బడి గుమ్మానికి మాత్రం భక్తి పెరుగుతూనే వచ్చింది. ఏ మడిలో తొలి ఉప్పు పండినా, గుప్పెడు తెచ్చి అయ్యవారి పేరు చెప్పి ఆ గుమ్మంలో పోసేవారు. దసరా వస్తే సందులోంచి పసుపునీళ్ళు, కుంకుమ, పూలు. ఆ మాట ఏరు దాటింది. ఎక్కడెక్కడి వాళ్ళో చంటిపిల్లల్ని ఎత్తుకుని పడవల్లో వచ్చేవారు. చదువు బాగా రావాలని పిల్లల తలలు ఆ గడపకి తాకించి తీసుకుపోయేవారు. వాళ్ళల్లో చదువుకున్నవాళ్ళూ ఉండేవారు. కానీ వచ్చేది ఆ మూడు రోజులే. ఆ మూడు రోజులూ అక్షరం అడగకూడదు.

చదువులమ్మ ఊరు అని పేరొచ్చింది గవ్వలపేటకి. ఊళ్ళో ఒక్కరికీ చదువు రాదు.

తవిటమ్మకి పిల్లలు పుట్టారు. వాళ్ళ చేతులకీ ఉప్పే. తవిటమ్మ జుట్టు కూడా ఉప్పు రంగులోకి వచ్చేసింది.

అప్పుడు ఏటి మీద వంతెన పడింది. వంతెన మీంచి సైకిలు తొక్కుకుంటూ ఒక పంతులమ్మ వచ్చింది. వనజాక్షి అని, చిన్నపిల్ల, బుగ్గన సొట్ట. "ఇక్కడ బడి ఉందట కదా, ఎక్కడ?" అని అడిగింది.

ఊరంతా ఆమె వెనకే నడిచింది. కూర్మయ్య అప్పటికి పండుముసలివాడు. కళ్ళు కనపడవు. మనవడి భుజం పట్టుకుని వచ్చాడు.

"కదపండి తల్లీ. తమరు అయ్యోరే కదా. కలశం కదపండి. మా అయ్యోరి మాట మేం దాటలేదని ఆయనకి సెప్పండి" అన్నాడు.

వనజాక్షి గొళ్ళెం తీసి తలుపు తోసింది. దీపం పట్టుకుని లోపలికి వెళ్ళింది. కలశాన్ని రెండు చేతులా పట్టుకుని, మెల్లిగా పక్కకి జరిపింది.

పుస్తకాలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. పైన పసుపు, కుంకుమ, ఎండిన పూలు. చూస్తే అచ్చం పుస్తకాలే. వనజాక్షి పైదాన్ని తీయబోయింది. వేళ్ళు లోపలికి దిగిపోయాయి.

చెద. ఎప్పుడు పట్టిందో. పైన అట్ట ఒక్కటీ వదిలి, లోపలంతా మట్టి చేసేసింది.

"బాగున్నాయా?" అన్నాడు కూర్మయ్య. ఎవరూ పలకలేదు. అప్పుడు ఆయన ముందుకి వచ్చి, వంగి, భక్తిగా చెయ్యి చాపి పుస్తకాల మీద పెట్టాడు. చెయ్యి మణికట్టు దాకా మునిగింది.

"ఇదేటి, ఇంత మెత్తగుంది?" అన్నాడు.

అలాగే చెయ్యి తీయకుండా నిలబడిపోయాడు. ఆ తర్వాత ఆయన కింద కూర్చుని, ఆ మట్టి నెత్తిన పోసుకున్నాడు. మనవడు ఆపబోతే ఆపనివ్వలేదు.

పలకలు మాత్రం ఉన్నాయి. రాయి కదా. చెక్క చట్రాలు పోయినా రాళ్ళు మిగిలాయి. తవిటమ్మ వెళ్ళి మూల విరిగిన పలక తీసుకుంది. వేలికి చల్లగా తగిలింది, చిన్నప్పుడు తగిలినట్టే. పవిట చెంగుతో పైన పసుపు తుడిచింది.

కింద ఏమీ లేదు. నల్లగా, శుభ్రంగా ఉంది. అన్నేళ్ళ పసుపునీళ్ళు కదా. అక్షరం ఎప్పుడో కడుక్కుపోయింది. అన్ని పలకలూ అంతే.

తవిటమ్మ ఏడవలేదు. వనజాక్షి దగ్గరికి వెళ్ళింది.

"ఇందులో ఒక అచ్చరం ఉండేది తల్లీ. పోయింది. నా ఏలికి తెలుసు. రాత్తాను, పేరు సెప్తావా?"

బలపం తీసుకుని రాసింది. రోజూ రాసేదే కదా, చెయ్యి ఎక్కడా ఆగలేదు. వంపు తిప్పింది, మళ్ళీ తిప్పింది, కింద ఒక గీత లాగింది. పలక ఆ అమ్మాయికి ఇచ్చింది.

వనజాక్షి చూసింది. పలక అటు తిప్పి చూసింది. ఇటు తిప్పి చూసింది. బుగ్గన సొట్ట పోయింది.

"అవ్వా... ఇలాంటి అక్షరం లేదు."

"సరిగ్గా సూడు తల్లీ."

"చూశాను అవ్వా. పిల్లలకి మొదట దిద్దించేది ఇదే కదా, ఇదేమో చూడు" అని పక్కన 'అ' రాసింది. తవిటమ్మ చాలాసేపు చూసింది. కాదంది. అప్పుడు 'ఓ' రాసింది. అదీ కాదంది. అప్పుడు వనజాక్షి సంచీలోంచి అక్షరాల పటం తీసి నేల మీద పరిచింది. తవిటమ్మ ఒంగి ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టుకుంటూ చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఇందులో ఒక్కటీ నా ఏలు ఎరగదు" అంది.

ఏమైందంటే తల్లీ, ఉప్పు మీద రాసి రాసి, రోజుకి ఇంత రోజుకి ఇంత, తెలియకుండానే ఆ అక్షరం మారిపోయింది. గట్టు కొంచెం కొంచెం ఒరిగిపోయినట్టు. సరిచెయ్యడానికి పక్కన ఎవరూ లేరు కదా. అది 'అ' అయ్యుండొచ్చు. ఇంకోటి అయ్యుండొచ్చు. ఇప్పుడు ఎవరు చెబుతారు?

"ఇవన్నీ నేను నేర్పుతాను అవ్వా, వచ్చి కూర్చో" అంది వనజాక్షి. కూర్చుంది కూడా. కానీ ఏ అక్షరం మొదలుపెట్టినా వేలు ఆ పాత దారిలోకే పోయేది. కళ్ళూ ఆనేవి కావు. పిల్లలు ముసిముసిగా నవ్వేవారు. ఒకరోజు మానేసింది.

మళ్ళీ దసరా వచ్చింది. వనజాక్షి కొత్త కలశం పెట్టింది. పిల్లలంతా కొత్త పలకలు, కొత్త పుస్తకాలు తెచ్చి పేర్చారు. ఆఖరున ఒక చిట్టిపిల్ల తన పలక పెట్టబోతోంది. అప్పుడు ఒక చెయ్యి వచ్చి ఆ పలక పట్టుకుంది. తవిటమ్మ.

"ఇది ఒక్కటీ బైట ఉంచు తల్లీ."

"అదేంటవ్వా? అన్నీ అమ్మవారికి పెట్టాలి కదా."

"అన్నీ పెట్టేసే మేం ఇలాగైపోయాం. ఒక్క పలక, ఒక్క పిల్ల సేతిలో ఉండనీ. ఈ మూడు రోజులూ అది రాసుకుంటాది, సదువుకుంటాది. ఎవరేటి అడిగినా సెప్తాది."

"అమ్మవారికి కోపం రాదూ?" అంది ఆ చిట్టిపిల్ల భయంగా.

"వత్తే నా మీద రమ్మను. నాకింక పోయేదేటుంది?"

గుమ్మానికి అయ్యవారి గొడుగు ఇంకా వేలాడుతోంది, బట్టంతా పోయి చువ్వలు మిగిలి. వనజాక్షి దాని వంక ఒకసారి చూసింది. పలక తీసుకెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

అప్పటి నుంచీ ఆ ఊళ్ళో సరస్వతీ పూజకి అన్ని పలకలూ లోపల పెడతారు, ఒక్కటి బయట ఉంచుతారు. ఇంటింటా అందరికంటే చిన్నపిల్లది. ఆ పిల్ల మూడు రోజులూ గుమ్మంలో కూర్చుంటుంది. ఏ ముసలమ్మ వచ్చి ఏ అక్షరం అడిగినా పేరు చెప్పాలి. దోషం లేదు. ఆ పద్ధతే ఏరు దాటి మనింటికీ వచ్చింది.

తెలిసిందా నీ పలక నీకెందుకిచ్చానో?

ఏంటి? తవిటమ్మకి ఆ అక్షరం పేరు తెలిసిందా అనా? లేదు తల్లీ. తెలియలేదు. ఎవర్ని అడగాలో ఆయన ఏట్లో ఉన్నాడు. ఆవిడ బతికినన్నాళ్ళూ పొద్దున్నే ఉప్పు మీద రాస్తూనే ఉంది. అది అక్షరం కాదని తెలిశాక కూడా రాసింది. ఎందుకు రాసిందంటే నేనేం చెప్పను? ఆయన వేలు పట్టుకుని రాయించాడు కదా. అదొక్కటే ఆయన ఇచ్చింది.

ఊఁ కొట్టడం మానేశావే. కళ్ళు మూతలు పడుతున్నాయి. పలక అలాగే పట్టుకో, జారిపోకుండా. రేపు పొద్దున్న లేవగానే గుమ్మంలో కూర్చుని గట్టిగా చదువు. ఏటి అవతలి గట్టుకి వినపడాలి.

బెల్లం కరిగె ఏటికి,
ఉప్పు మిగిలె నోటికి,
కలశమేమో పీటకి,
పలకేమో పాపకి,
కంచి చేరె మన కథ,
ఇల్లు చేరి పడుకో ఇక.